మా గల్లీ ఈడ్పు అడుగు

నాకొచ్చిన జబ్బు పేరు పలకడం మా అత్తమ్మకు చివరిదాకా రాలేదు. రావాల్సిన అవసరం కూడా లేదని ఆమె ఉద్దేశం. "ఇంగ్లీషు రోగం" అని ఒక్క మాటతో తేల్చేసింది. హైదరాబాదులో నరాల డాక్టరు దాన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, నరాలకూ అలాంటి తొడుగొకటి ఉంటుందట, నాకది అక్కడక్కడా ఊడిపోతోందట. మన దేశంలో ఇది చాలా అరుదమ్మా అని కూడా అన్నాడు, నాకేదో ఇనాము తగిలినట్టు మహా సంతోషంగా. అన్నదే తడవు పక్క గదిలోంచి వైద్య విద్యార్థులు బిలబిలమంటూ వచ్చి వరసబెట్టి నా మోకాళ్ల మీద రబ్బరు సుత్తితో కొట్టారు. కాలు ఎగిరినప్పుడల్లా వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా కాలికి అంత మర్యాద ఎన్నడూ దక్కలేదు.

ఇదంతా డెబ్బైల చివర్లో మొదలైంది. వరంగల్ కాశిబుగ్గలో కోడలినై అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఇంట్లో మగ్గం మా ఆయనది, నూలుకు రంగులద్దే పని అత్తమ్మది, నేను కొంత దూరంలో ఉన్న ఆడపిల్లల స్కూల్లో టీచర్ని. ఒకనాడు పొద్దున్నే వాకిట్లో ఆరేసిన ఎర్ర నూలు చూసి, "అత్తమ్మా, ఎరుపు జర వెలిసినట్టుంది" అన్నాను. ఆమె అద్దిన ఎరుపంటే ఆ చుట్టుపక్కల పేరు. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. తీరా చూస్తే వెలిసింది నూలు కాదు, నా కుడి కన్ను. ఎడమ కంటికి ఎర్రగా ఉన్న నూలు కుడి కంటికి పాత ఇటుకలా కనిపిస్తోంది. నాకిదేదో గమ్మత్తుగా తోచింది. ఒక కన్ను మూసి ఒకటి తెరిచి, అది మూసి ఇది తెరిచి, వాకిట్లో నిలబడి ఆడుకుంటుంటే మగ్గం గుంటలోంచి మా ఆయన చూశాడు. తనకు కన్ను కొడుతున్నాననుకున్నాడు. పట్టపగలు, తల్లి ఎదురుగా! పాపం, చెవులదాకా ఎర్రబడి చేతిలోని పోగు నేసే నాడె వేయడం మరిచిపోయాడు. ఆ ఎరుపు మాత్రం నాకు రెండు కళ్లకూ బాగానే కనిపించింది.

కన్ను కొన్ని వారాలకు దానంతటదే బాగైంది. తరువాత మెడ మొదలుపెట్టింది. తల కిందికి వంచితే చాలు, మెడ దగ్గర పుట్టిన కరెంటు వెన్నెముక మీదుగా మడమల దాకా జిల్లున జారిపోయేది. నొప్పి కాదు, చక్కిలిగింత కాదు, రెండింటి మధ్యలో ఏదో. కొత్త కోడలు రోజుకు ఎన్నిసార్లు తల వంచాలో లెక్కపెట్టిన వాళ్లున్నారా? ఊడ్చేటప్పుడు వంచాలి, బియ్యం చెరిగేటప్పుడు వంచాలి, చుట్టాలొస్తే కాళ్లకు దండం పెట్టేటప్పుడు మరీ వంచాలి. వంచినప్పుడల్లా నాకు కిసుక్కున నవ్వొచ్చేది. మా అత్తమ్మకు వాళ్ల పుట్టినూరి నుంచే దూరపు చెల్లెలి వరస ఒకామె ఉండేది, మేము చిన్నత్త అనేవాళ్లం. ఆమె కాళ్లు మొక్కుతూ ఇలాగే నవ్వాను. "ఏందక్కా, నీ కోడలికి నా కాళ్లల్ల అంత నవ్వొచ్చేది ఏం కనవడ్డది?" అని ఆమె అలిగి చాయ్ తాగకుండానే లేచిపోయింది. అప్పట్నుంచి ఆమెకు నా మీద ఒక కన్ను.

ఆ తరువాత ఎడమకాలు వంతు. అది నాతో చెప్పకుండా పనులు చేయడం మొదలుపెట్టింది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒకనాడు స్కూలుకు పోతుంటే జామపండ్లమ్మే ఆమె వెనక నుంచి కేకేసింది. "ఓ టీచరమ్మా! నీ చెప్పు ఈడ్నే ఉన్నది, నువ్వెటు పోతానవ్?" చూసుకుంటే నిజమే, ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ తరువాత ఎడమ చెప్పుకు వెనక పట్టీ కుట్టించుకున్నాను.

ఇక నడక. గల్లీలో గోడ పట్టుకొని నడవడం అలవాటైంది. సాయంత్రం అయ్యేసరికి తూలేదాన్ని. దాంతో టీచరమ్మ కల్లు తాగుతోందన్న మాట పుట్టింది. ఆ మాట విని మా అత్తమ్మ రయ్యిమని గల్లీలోకి పోయింది. ఆదివారం ఆదివారం కల్లు పుచ్చుకునే మనిషి ఆమె, అందులో దాపరికం లేదు. "నేను తాగుత. గీ గల్లీల అందరికీ ఎర్కే. నేనెప్పుడన్న గట్ల తూలిన్నా? తాగెటోళ్లకు నడుచుడు అస్తది. తాగనోళ్లే గట్ల తూలుతరు!" అని అందరినీ కడిగేసి వచ్చింది. ఆ వాదనలో నా పరువు నిలబడిందో పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆమె నాకు చేసిన వైద్యం గురించి కూడా చెప్పాలి. వావిలాకు వేసి బుడగలు వచ్చేదాకా మరిగించిన నీళ్లు, ఒళ్లు భరించినంత వేడిగా, నెత్తి మీద నుంచి. ఆ స్నానం చేసి లేవబోతే రెండు కాళ్లూ నావి కావన్నాయి. తడి చీరతో గచ్చు మీద చతికిలబడి "అత్తమ్మా, లేవస్తలేదు" అని అరిస్తే, ఆమె బయటి నుంచి "సూసినవా! లోపటి రోగం బయటికస్తాంది!" అని సంబరపడింది. మరునాడు ఇంకో బిందె ఎక్కువ మరిగించింది. హైదరాబాదు డాక్టరు చెప్పాకే తెలిసింది, ఈ జబ్బుకు వేడి అస్సలు గిట్టదని. ఒంటికి వేడి తగలనీయొద్దన్నాడు. వరంగల్ మనిషితో ఆ మాటన్నవాడు వరంగల్ ఎండాకాలం ఎన్నడూ చూసి ఉండడు. చన్నీళ్ల స్నానం మాత్రం మంత్రంలా పనిచేసేది. కాసేపు కాళ్లు మళ్లీ నావయ్యేవి.

ఇంకొకటుంది. చెప్పకపోతే చదివే ఆడవాళ్లు దాచిందని నవ్వుతారు. ఒంటికి వెళ్లాలని అనిపించిందంటే ఆగేది కాదు. ఇంటి నుంచి స్కూలు దాకా ఎవరింట్లో పాయిఖానా ఉంది, ఏ తలుపు గొళ్లెం పడదు, ఎవరి కుక్క కరుస్తుంది, అన్నీ నాకు కంఠతా వచ్చు. దారిలో ఉన్న ఇళ్లన్నింటితో నాకు అంత స్నేహం ఎందుకో మా ఆయనకు చాలాకాలం తెలియలేదు. మా టీచరమ్మ ఎంత కలుపుగోలు మనిషో అని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు ఏ అవయవానికి దక్కాలో నాకే తెలుసు.

ఇలా నవ్వుకుంటూ నెట్టుకొస్తున్న నన్ను నిజంగా ఏడిపించింది ఒక సత్తు ముద్ద. పెత్తర అమావాస్య నుంచి తొమ్మిది రోజులు బతుకమ్మ. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాడు గల్లీ ఆడవాళ్లందరూ పేర్చిన పూల బతుకమ్మలను నడుమ పెట్టి, చుట్టూ తిరిగి చప్పట్లు కొడుతూ ఆడతారు. ఆ ఏడు నన్ను అరుగు మీద మంచం వేసి కూర్చోబెట్టారు. ఆట అయిపోయాక నువ్వులు, బెల్లం కలిపి దంచిన సత్తు తెచ్చి ముందు నా చేతిలోనే పెట్టారు, ముసలవ్వలకు పెట్టినట్టు. నాకింకా ముప్పై నిండలేదు. అది చాలదన్నట్టు చిన్నత్త మా అత్తమ్మ చెవి దగ్గరికి వంగి, "నీ కొడుకు గురించి జర సోంచాయించక్కా. ఇంకో పిల్లను చూడరాదూ" అంది. చెవిలో చెప్పినా ఆమె గొంతు వీధి చివరికి వినబడుతుంది. అత్తమ్మ ఏమన్నదో మాత్రం వినబడలేదు. ఆ సత్తు నోట్లో పెట్టుకుంటే గొంతు దిగలేదు. వచ్చే ఏడు నేను ఆ వలయంలో ఉంటాను, మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా నా కాళ్ల మీద ఆడతాను, ఒక్కదాని నోట కూడా ఇంకో మాట రానీయను అని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

మరుసటి ఏడు అమావాస్య రాగానే అత్తమ్మతో చెప్పాను. వద్దంది. "నువ్వు పడితె పడ్తవ్. బతుకమ్మల మీద పడితె? గల్లీకి గల్లీ మన మీదికస్తది. పండుగ పూట గౌరమ్మ మీద పడ్డ కోడలని ఏండ్లకేండ్లు చెప్పుకుంటరు." ఆమె భయంలో తప్పేమీ లేదు. పూల మీద కాలు పడితేనే గుండె గుభేలుమంటుంది మాకు, మనిషే పడితే ఇక అంతే. అయినా నేను ఊరుకోలేదు. రోజూ సాయంత్రం మగ్గం చుట్టూ తిరుగుతూ ప్రాక్టీసు చేశాను. మా ఆయన నేత ఆపి చప్పట్లు కొట్టేవాడు, ఎప్పుడూ ఒక దెబ్బ వెనకే. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, అంటే ఆ రోజు అమ్మవారు అలిగి కూర్చుంటుంది, ఎవరూ ఆడరు. వరంగల్ మొత్తం మీద ఆమె అలక చూసి సంతోషించినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. కాలు చాపుకొని ఆ రోజంతా పడుకున్నాను.

సద్దుల నాడు మేమిద్దరం కలిసి కుట్ర చేశాం. అత్తమ్మ లోపల తంగేడు, గునుగు పూలు పేర్చే హడావిడిలో ఉండగా, మా ఆయన సైకిలు వెనక గోనెసంచిలో ఊకలో చుట్టిన ఐసు గడ్డ తెచ్చాడు. దారిపొడవునా నీళ్లు కారుతుంటే అడిగిన వాళ్లందరికీ చేపలని చెప్పాడట. పండుగ పూట మా ఇంట్లో చేపలా అని వాళ్లు నోళ్లు వెళ్లబెట్టారట. పెరట్లో చేతికందిన తొట్టిలో ఐసు కొట్టి నీళ్లు పోసి కాళ్లు ముంచాను. పళ్లు టకటకలాడాయి. ప్రాణం లేచొచ్చింది. అసలు సంగతి కాళ్లు బయటికి తీశాక తెలిసింది. అది అత్తమ్మ ఎర్ర రంగు తొట్టి. అడుగున మిగిలిన రంగంతా కరిగి నా కాళ్లు పిక్కల దాకా ఎర్రగా పండిపోయాయి. రుద్దినా పోలేదు. "బాగుంది, పారాణి ఖర్చు తప్పింది" అని మా ఆయన అన్నాడు. ఇద్దరం నోళ్లు మూసుకొని కిందా మీదా పడి నవ్వాం. అందరూ పట్టుచీరలు కట్టుకునే రోజున నేను పల్చటి నూలు చీర కట్టుకున్నాను, వేడెక్కకుండా.

బయటికి వచ్చేసరికి ఆట మొదలైంది. మా గల్లీలో పాట ఎత్తుకునేది అత్తమ్మే. ఆమె ఒక చరణం అంటుంది, మిగతా వాళ్లు తిరిగి అంటారు. ఎదురింటి వదినకు ముందు చోటు చూసుకొని వలయంలో దూరాను. అత్తమ్మ అవతలి వైపు నుంచి చూసింది. నా చీర చూసింది, ఎర్ర కాళ్లు చూసింది, తొట్టి సంగతి కూడా ఆ క్షణంలోనే కనిపెట్టేసింది. కానీ పాట నడుమ ఆపకూడదు కదా! ఆమె నోరు ఉయ్యాలో అంటుంటే కళ్లు మాత్రం ఇంట్లోకి నడువు అంటున్నాయి. నేను చూడనట్టే అడుగు కలిపాను.

ఎంత బాగుందో ఎలా చెప్పను! అడుగు వేయడం, వంగడం, చప్పట్లు, మళ్లీ అడుగు. వంగినప్పుడల్లా కరెంటు జిల్లుమని మడమల్లోకి దిగేది, చప్పట్లతో పాటు సరిగ్గా తాళం ప్రకారం. ఇంత మందిలో కరెంటు మీద ఆడుతున్నది నేనొక్కదాన్నే అని తలుచుకుంటే నవ్వు ఆగలేదు. మొదటి పాట అయింది. రెండో పాట కూడా చాలావరకు గడిచింది. చుట్టూ జనం, దీపాలు, ఊదుబత్తుల పొగ. ఐసు చలవ మెల్లగా దిగిపోయింది. మూడో పాట ఎత్తుకునేసరికి ఎడమకాలు లేవనంది. లాగితే మట్టిలో స్స్ మంటూ ఈడ్చుకుంటూ వచ్చింది. వెనకున్న వదిన నాకు తగిలింది, ఆమెకు ఆమె వెనక మనిషి తగిలింది. వలయం ఒక్కసారి గతుక్కుమంది. అరుగు మీద కూర్చున్న చిన్నత్త మెడ సాచి నా కాలి వైపే చూస్తోంది. నడుమ బతుకమ్మలు జానెడు దూరంలో ఉన్నట్టు కనిపించాయి నాకు. నవ్వు పోయింది. భయమేసింది.

అప్పుడు అత్తమ్మ తన చోటు వదిలి పాడుతూనే నా దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టి బయటికి గుంజుతుందనుకున్నాను. వదినను వెనక్కి జరిపి సరిగ్గా నా వెనక నిలబడింది. అడుగు వేశాను, స్స్. నా వెనక ఇంకో స్స్. తల తిప్పి చూస్తే అత్తమ్మ ఎడమకాలు ఈడుస్తోంది. ఊరికే ఈడ్చడం కాదు, నడుము తిప్పి, చెయ్యి గాల్లో ఆడించి, పుట్టినప్పటి నుంచి అలాగే ఆడుతున్నదానిలా, బ్రహ్మాండమైన దర్జాతో ఈడుస్తోంది.

వదిన బిత్తరపోయింది. "పెద్దమ్మా, గిదేం అడుగు?"

అందరూ చరణం తిరిగి అంటున్న సందులో అత్తమ్మ జవాబిచ్చింది. "పాత అడుగు! మా అమ్మగారింటి కాడ గిట్లనే ఆడుతరు. ఎడమకాలు ఈడ్వాలె. కోడలుకు నేనే నేర్పిచ్చిన. నీకు రాకుంటె జరుగు!"

రాదంటే ఒప్పుకునే మనిషా మా వదిన! ఆమె ఈడ్చింది. ఆమె వెనకామె ఈడ్చింది. అత్తమ్మ చరణానికీ చరణానికీ మధ్య "ఎడమది! ఎడమది! ఓ పిల్లా, గది కుడికాలే!" అని గదమాయిస్తూనే ఉంది. కాసేపటికి వలయం మొత్తం స్స్ మంటూ తిరుగుతోంది. పట్టుచీరలన్నీ ఒక వైపుకు ఒరిగి లేస్తున్నాయి, దుమ్ము మోకాళ్ల దాకా లేచింది. అందరిలో ఆ అడుగు సరిగ్గా వేస్తున్నది నేనే! ఇద్దరు ముగ్గురు నా కాళ్ల వైపు చూసి నేర్చుకుంటున్నారు. చిన్నత్త ఉండబట్టలేక అరుగు దిగింది. "మన తల్లిగారింట్ల గిట్ల ఎప్పుడాడినమక్కా?" అని గొణిగింది. "నువ్వు అప్పుడు ఉయ్యాల్ల ఉన్నవ్, నీకేం ఎర్క" అని అత్తమ్మ ఆమెను వలయంలోకి లాగింది. పోయినేడు ఇంకో కోడలిని చూడమన్న మనిషి నా అడుగులో అడుగేసి కుంటుతుంటే నాకు మళ్లీ నవ్వు మొదలైంది. పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. అత్తమ్మకు కూడా హుషారొచ్చి పాటకు లేని చరణాలు కలుపుతోంది. ఇక చాలు అత్తమ్మా, ఆపండి అని మనసులో మొక్కుకుంటూనే ఆఖరి చప్పట్ల దాకా ఆడాను. పడలేదు.

ఆ తరువాత ఏళ్లలో ఆ అడుగు పక్క గల్లీలకు పాకింది. కాశిబుగ్గ ఈడ్పు అడుగు అనేవాళ్లు. మా అత్తమ్మ పుట్టింటిదని కొందరు, కాదు ఇంకా పాతదని కొందరు వాదించుకోవడం నా చెవులారా విన్నాను. నన్నడిగితే నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ సాయంత్రం అందరూ బతుకమ్మలు నెత్తిన పెట్టుకొని చెరువుకు బయలుదేరారు. అత్తమ్మ తన బతుకమ్మను వదిన నెత్తిన పెట్టి తాను పోలేదు. అంతకుముందు ఆమె చెరువుకు పోని సద్దుల లేదు. గడప మీద కూలబడి ఎడమ తొడ పట్టుకుంది.

"అబ్బబ్బ, ఒక్క ఆటకే కాలు పీకి పందిరేస్తాంది పిల్లా. నువ్వు దినాం ఎట్ల ఈడుస్తానవే?"

నేను నవ్వబోయి నవ్వలేకపోయాను. ఎప్పటి నుంచి, ఏ వైపు, ఎన్నాళ్లకోసారి అని డాక్టర్లందరూ అడిగారు. ఎట్లా ఈడుస్తున్నావని ఒక్కరూ అడగలేదు. పక్కన కూర్చొని చెప్పాను.

"తడి నూలు కట్ట కాలికి కట్టినట్టుంటది అత్తమ్మా. పొద్దుగాల చిన్న కట్ట. మాపటికి పెద్ద కట్ట."

తొట్టిలోంచి తీసిన నూలు ఎంత బరువుంటుందో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. "మరి చెప్పకపోతివి" అంది.

"మీరు పరేషాన్ అయితరని."

"అయితె అయిత. నీకేమాయె? కాలిటియ్యి."

కాలు వెనక్కి లాక్కున్నాను. అత్త కోడలి కాలు పట్టుకోవడం మా ఇళ్లలో ఎవరూ వినలేదు, చూడలేదు. ఆమె వినకుండా రెండు చేతులతో నా ఎడమకాలు ఒళ్లోకి లాక్కొని పాదం నొక్కడం మొదలుపెట్టింది.

"నొక్కుతాంటె తెలుస్తాందా?"

"తెలుస్తలేదు."

చెయ్యి మడమ మీదికి జరిపింది. "ఈడ?"

"తెలుస్తలేదు అత్తమ్మా."

పిక్క దాటి మోకాలి దగ్గరికి వచ్చింది. "ఈడ?"

"ఆఁ, ఈడ తెలుస్తాంది."

"మంచిది. ఈడి దాంక నాది, ఈడికెల్లి నీది" అంది. చెరువుకు పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా తన వంతు కాలు నొక్కుతూ కూర్చుంది.